శార్దూలమా, కందమా?

పదవీవిరమణానంతరం మా దంపతులకు మిగిలిన కోరిక ఒక్కటే: నందికొట్కూరు నుండి ఆత్మకూరు, దోర్నాల మీదుగా మోటారుసైకిలుపై శ్రీశైలయాత్ర. వాహనమేది అన్నదే మీమాంస.

పెద్దవాడు రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 అన్నాడు. 241 కిలోలు, పాదానికి 19 అక్షరాల శార్దూలమే! తిన్నని రహదారిపై గాలికి చలించదు, ఆసనం విశాలం. చిన్నవాడు కేటీఎం 390 డ్యూక్ అన్నాడు. దాదాపు 168 కిలోలు. కందంలా చిన్నది, చురుకైనది. ఘాటు మలుపుల్లో ఇట్టే ఒరుగుతుంది. కానీ వెనుక సీటు పీటకన్నా ఇరుకు.

పరుగులో బరువు తెలియదు. ఆగినప్పుడూ, వెనక్కి తిప్పేటప్పుడూ తెలుస్తుంది. నల్లమల నడుమ బండి పక్కకు పడితే ఈ ముసలి మోకాళ్లు 241 కిలోలను లేపగలవా?

మా ఆవిడ తీర్పు చెప్పింది: "మీరు లేపగలగాలి, నేను కూర్చోగలగాలి. రెండూ కుదిరినదే తెండి."

ఆ లక్షణానికి లక్ష్యంగా 195 కిలోల బుల్లెట్ 350 దొరికింది. వెన్ను నిటారుగా నిలుస్తుంది. షోరూములో ఒరిగించి, తిరిగి నిలబెట్టి చూశాను, లొంగింది. ఆమె కూర్చుని చూసి తల ఊపింది. వెనుక కూర్చునేవారిని అడగకుండా యాత్రావాహనం కొనరాదని నా మనవి.

వేగం తక్కువే. అయితేనేం? మల్లన్న ఎక్కడికీ పోడు గదా!