పొగ, నిప్పు, ఇంజను నూనె

తర్కశాస్త్రంలో అక్షరాభ్యాసం చేసిన ప్రతివారికీ పొగ, నిప్పు ఉదాహరణ కంఠతా వచ్చే ఉంటుంది. కొండమీద పొగ కనబడితే అక్కడ నిప్పున్నదని ఊహిస్తాం. వంటిల్లు అందుకు దృష్టాంతం. అయితే దీనిని తిరగవేసి, నిప్పున్నది గనుక పొగ ఉండి తీరాలంటే శాస్త్రం ఒప్పదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నా పొగ ఉండదు. పచ్చికట్టె తోడైతేనే నిప్పు పొగనిస్తుంది. ఆ పచ్చికట్టె సంబంధాన్ని నైయాయికులు ‘ఉపాధి’ అన్నారు. భాషాప్రవీణ చదివే రోజుల్లో అన్నంభట్టు తర్కసంగ్రహాన్ని వల్లెవేసిన నాకు, ఈ ఉపాధి అనే మాట నిజంగా అక్కరకు వచ్చింది విజయవాడ ఆటోనగర్‌లో, ఎత్తిన కారు బోనెట్ ముందు అంటే మిత్రులు నవ్వుకోవచ్చు.

మా కారు 2011 నాటి టర్బో డీజిలు బండి. లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. నా శ్రీమతి మోకాళ్ళ నొప్పులతో బస్సు ఎక్కలేదు. కనుక మాకు ఆ కారే కాళ్ళు. 2024 వేసవిలో దానికి నాలుగు లక్షణాలు ఒకదాని వెంట ఒకటి పొడసూపాయి. నిలిపిన చోట నేలమీద నల్లని చుక్కలు. డిప్‌స్టిక్కు మీద నూనె గీత నెలనెలా దిగిపోవడం. వంతెన ఎక్కేటప్పుడు పికప్ లేకపోవడం. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనుక నల్లని పొగ.

మొదట చూపించిన వర్క్‌షాపులో, గాలి వెళ్ళే రబ్బరు గొట్టం ఊడదీసి, లోపల వేలు పెట్టి, అంటిన నూనెను నాకు చూపించారు. “టర్బో పోయింది మాస్టారూ. కొత్తది వేయాల్సిందే. పనిలో పనిగా ఇంజను కూడా విప్పించుకోండి” అన్నారు. చెప్పిన మొత్తం నా రెండు నెలల పింఛనును మించిపోయింది.

టర్బో అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకొందాం. సైలెన్సరు వైపు పోయే వేడి వాయువులు ఒక చిన్న చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తి, ఇంజనులోకి పంపుతుంది. స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బూషీ 1905లోనే ఈ ఊహకు పేటెంటు పొందాడు. మామూలు కార్లలోకి అది 1962లో గాని రాలేదు. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. అంత వేగంలో దానిని మోసేది పలుచని నూనె పొర మాత్రమే. ఆ నూనె ఇంజను నుండి పీడనంతో వస్తుంది; పని ముగించుకొని, తన బరువుతోనే కిందనున్న ఆయిల్ చాంబరులోకి జారిపోతుంది. ఇరుసు కొసల్లో రబ్బరు సీళ్ళు ఉండవు, పిస్టన్ రింగుల వంటి సన్నని లోహపు రింగులుంటాయి. నూనె సాఫీగా దిగిపోతున్నంత కాలమే అవి దానిని ఆపగలవు.

ఇక్కడే ఉపాధి ప్రవేశిస్తుంది. గొట్టంలో నూనె ఉన్నది గనుక టర్బో పోయినదన్న అనుమానం, నిప్పున్నది గనుక పొగ ఉన్నదన్నట్టిదే. ఇరుసు అరిగి ఆడుతుంటేనే ఆ మాట నిలుస్తుంది. ఆడుతున్నదో లేదో ఎవరూ పట్టుకొని చూడలేదు.

ఆటోనగర్‌లో ఒక వృద్ధ మేస్త్రి ఉన్నాడని విని అక్కడికి తీసుకుపోయాను. ఆయన ఏ భాగమూ విప్పలేదు. “ముందు కడుగుదాం మాస్టారూ. మురికిలో లీకేజీ దొరకదు” అన్నాడు. ఇంజనును శుభ్రంగా తుడిపించి, ఆరిన తరువాత అనుమానమున్న అతుకుల మీద టాల్కం పౌడరు చల్లి, ఒక ముప్పై కిలోమీటర్లు తిప్పి తెమ్మన్నాడు. తిరిగి వచ్చాక టార్చి లైటుతో కింది నుండి పైకి వెదుక్కుంటూ పోయాడు. నూనె కిందికి కారుతుంది. బండి పోతుంటే గాలికి వెనక్కి చెదురుతుంది. కనుక చుక్క పడిన చోటు వేరు, కారిన చోటు వేరు. తడిసిన భాగాల్లో అన్నిటికంటె పైన ఉన్నదానిని పట్టుకోవాలి. మా కారులో అది ట్యాపెట్ కవరు ప్యాకింగు.

తరువాత టర్బో గొట్టం తీసి ఇరుసును వేళ్ళతో కదిపాడు. పక్కలకు వెంట్రుకవాసి కదలిక ఉన్నది. అది నూనె పొరకు విడిచిన సందు, దోషం కాదు. ముందుకూ వెనక్కూ కదలలేదు. రెక్కలు గోడకు రాసుకొన్న గుర్తులూ లేవు. టర్బో బతికే ఉన్నది.

మరి నూనె ఎందుకు వచ్చినట్లు? బ్రీదర్ పైపు ఊడదీస్తే సమాధానం దొరికింది. పిస్టన్ల పక్కనుండి ఎప్పుడూ కొంత వాయువు కింది గదిలోకి జారుతుంది. అది బయటపడే దారి ఈ బ్రీదరు. మాది నల్లని జిడ్డుతో పూడిపోయింది. దారిలేని వాయువు లోపల ఒత్తిడి పెంచి, బలహీనమైన ప్యాకింగు నుండి నూనెను బయటికి నెట్టింది. అదే ఒత్తిడి టర్బో నూనెను కిందికి దిగనీయక గాలి గొట్టంలోకి మళ్ళించింది. ఆ నూనెకు రబ్బరు మెత్తబడి, ఇంటర్‌కూలర్ గొట్టం క్లాంపు దగ్గర చీలింది. ఒత్తిన గాలి చీలికలోంచి పోతుంటే డీజిలుకు చాలినంత గాలి అందక నల్లని పొగ, పికప్ లేమి. లక్షణాలు నాలుగు, మూలం ఒక్కటే.

పొగ రంగును కూడా ఆయనే వివరించాడు. నలుపయితే గాలి చాలడం లేదు, లేదా డీజిలు ఎక్కువవుతున్నది. నీలమయితే ఇంజను నూనె మండుతున్నది. తెలుపు ఆగకుండా వస్తూ రేడియేటరులో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ ప్యాకింగును అనుమానించాలి. కాసేపు ఊరకే నడిచి, బయలుదేరగానే నీలిపొగ వస్తే వాల్వు సీళ్ళ వైపు, బరువు లాగేటప్పుడు వస్తే రింగుల వైపో టర్బో వైపో చూడాలి. అయినా కంప్రెషను కొలవకుండా ఇంజను విప్పవద్దన్నాడు.

ఇదంతా డబ్బు మిగిలిన కథగా మాత్రమే చదవవద్దని మనవి. డీజిలు ఇంజనుకు గాలి దారిలో వచ్చే నూనె కూడా ఇంధనమే. అది ఎక్కువైతే తాళం తీసినా ఇంజను ఆగకుండా, తన నూనెను తానే తాగుతూ, బద్దలయ్యేదాకా పరుగెత్తవచ్చు. అట్టి స్థితిలో గేరు బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, పై గేరులో క్లచ్చి వదిలి ఇంజనును అణచాలి. బోనెట్ దగ్గరికి పోరాదు. వేడి సైలెన్సరు గొట్టం మీద నూనె పడితే మంటలూ రావచ్చు. కనుక “పాత బండి, కాస్త కారుతుందిలే” అనే నిశ్చింత, “పోయింది, మార్చేయండి” అనే తీర్పు, రెండూ పరీక్ష లేనివే.

బ్రీదరు శుభ్రం చేసి, ఇంటర్‌కూలరులో నిలిచిన నూనె వంచి, ప్యాకింగూ గొట్టమూ కొత్తవి వేశారు. అయిన ఖర్చు మొదట చెప్పినదానిలో పదోవంతు లేదు. ఆ తరువాత నెలకొకసారి, సమమైన నేలమీద, ఇంజను ఆపిన పది నిమిషాలకు డిప్‌స్టిక్కు చూసి ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొంటున్నాను. దూరప్రయాణం చేసి వచ్చినప్పుడు, కాగిన టర్బోలో నూనె మాడకుండా, ఒక నిమిషం ఇంజనును ఊరకే నడవనిచ్చి ఆపుతున్నాను. గీత నిలకడగా ఉన్నది.

నిదానమనే మాటకు వైద్యశాస్త్రంలో రోగకారణమని అర్థం. మన తెలుగులో తొందరపడకపోవడమని అర్థం. ఈ రెండూ తెలిసినవాడు ఆ మేస్త్రి. మీ పాత బండికి ఎవరైనా పెద్ద మరమ్మతు చెబితే మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి: “కడిగి చూశారా నాయనా?”