వేరేవాళ్ల పాట మనం పాడితే తప్పా?



ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ఏ పాటలు పాడాలని మా హాస్టల్ రూములో కూర్చుంటే, చిన్న గొడవ అయింది. ఒక సవర పాట పాడదామని కొందరం అన్నాం. "మనం కోయోళ్లం కదా, వాళ్ల పాట మనకెందుకు? మన రేలా పాటకి బయటోళ్లు డీజే కొట్టి యూట్యూబ్‌లో పెడితే తిట్టుకున్నాం. ఇప్పుడు మనం చేసేది ఏంటి?" అన్నాడు ఒక తమ్ముడు. ఎవరం నోరెత్తలేదు.

ఆ రాత్రి ఒక పాత అమెరికా ఆల్బమ్ విన్నాం. జానీ క్యాష్ పాడిన 'బిట్టర్ టియర్స్', 1964లో వచ్చింది. మొత్తం ఎనిమిది పాటలు, అన్నీ అక్కడి మూలవాసుల గురించే. ఐదు పాటలు పీటర్ లాఫార్జ్ అనే అతను రాసినవి. అంటే సగానికి పైగా క్యాష్ సొంత పాటలు కావు. వాటిలో ఐరా హేయిస్ పాటను లాఫార్జ్ తనే ముందు రికార్డు చేశాడు, కానీ విన్నవాళ్లు తక్కువ.

ఐరా హేయిస్ పిమా తెగ కుర్రాడు. వాళ్లు గిలా నది నీళ్లతో కాలువలు తవ్వుకుని పంటలు పండించిన జనం. పైన స్థిరపడిన తెల్లవాళ్లు నీళ్లు మళ్లించుకుంటే కింద పొలాలు ఎండిపోయాయి. ఆ ఊళ్ల నుంచి వెళ్లి సైన్యంలో చేరాడు. 1945లో ఐవో జిమా కొండ మీద జెండా ఎత్తుతున్న ఆరుగురి ఫోటో ఉంది కదా, అందులో ఒకడు. ఆ ఆరుగురిలో ముగ్గురు ఆ యుద్ధంలోనే చనిపోయారు. ఇతన్ని ఇంటికి తెచ్చి, ఊరూరా తిప్పి, వీరుడని చప్పట్లు కొట్టారు. తర్వాత మర్చిపోయారు. తాగుడుకి అలవాటుపడి 1955 జనవరిలో, 32 ఏళ్లకే చనిపోయాడు.

క్యాష్ ఈ పాటను ఏడుస్తూ పాడలేదు. రచ్చబండ మీద కూర్చుని జరిగింది చెప్పినట్టు చెప్తాడు. మాకు నచ్చింది అదే. జాలి మ్యూజిక్ పెట్టి ఉంటే మధ్యలోనే ఆపేసేవాళ్లం. చాలా రేడియో స్టేషన్లు దీన్ని వేయడానికి వెనకాడితే, అతను డబ్బు కట్టి బిల్‌బోర్డ్ పత్రికలో పేజీ ప్రకటన ఇచ్చి, మీకు ధైర్యం లేదా అని నిలదీశాడు. ఆ పాట కంట్రీ పాటల జాబితాలో మూడో స్థానం దాకా వెళ్లింది. లాఫార్జ్ గొంతు వెళ్లలేని ఇళ్లలోకి లాఫార్జ్ మాట వెళ్లింది. మంచి కవర్ అంటే మా లెక్కలో ఇదే.

ఇంకో పాట కింజువా డ్యామ్ గురించి. 1794లో వాషింగ్టన్ ప్రభుత్వం సెనెకా తెగతో ఒప్పందం చేసుకుంది, మీ భూమి మీదే అని. తర్వాత ఆ భూమినే నీళ్లలో ముంచారు. ఇది అయిపోగానే కూనవరం తమ్ముడు, "అన్నా, మళ్లీ పెట్టు" అన్నాడు. పోలవరం ముంపులో వాళ్ల ఊరు కూడా ఉంది. ఇంగ్లీషు వాడికి సగమే అర్థమైంది, మేమే చెప్పాం. మూడుసార్లు విన్నాడు.

క్యాష్‌లోనూ తప్పు లేకపోలేదు. అప్పట్లో తనలో చెరొకీ రక్తం ఉందని చెప్పుకునేవాడు, అది నిజం కాదని తర్వాత తేలింది. ఆ మాట చెప్పకపోయినా పాట అంత బాగానే ఉండేది కదా!

మరి డీజే వాళ్లకీ ఇతనికీ తేడా ఏంటి? రికార్డు మీద లాఫార్జ్ పేరుంది. మన పాటకి 'జానపదం' అని రాసేస్తారు, అంతే. ఎవరో ఒక్కరు కట్టిన పాట కాదు, సరే. ఏ ఊళ్లో విన్నారో, ఏ భాషో రాయడానికి ఏం కష్టం?

ఇక మా సంగతి కూడా చెప్పాలి. పోయినేడు మేమే ఒక అవ్వ దగ్గర ఫోన్‌లో రికార్డు చేసుకున్న రేలా పాటని స్టేజీ మీద పాడాం. అర్థం కాని రెండు చరణాలు తీసేసి, తెలుగు మాటలు పెట్టాం. అవ్వని అడగలేదు. తర్వాత వీడియో చూపిస్తే నవ్వింది. "విత్తనాల పండక్కి పాడేది ఇది. ఆగస్టులో ఎవర్రా విత్తనాలు చల్లేది?" అంది. మేము తీసేసిన రెండు చరణాల్లోనే విత్తనాల పేర్లున్నాయట. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అవ్వ అవి మళ్లీ పాడింది, ఈసారి మొత్తం రాసుకున్నాం.

సవర పాట పాడదామనే అనుకున్నాం. ఎవరి దగ్గర నేర్చుకున్నామో మైకులో ముందే చెప్తాం. పాట ఇచ్చిన అన్నకి నిన్నటి నుంచి ఫోన్ చేస్తున్నాం, సిగ్నల్ దొరకట్లేదు. సీతంపేట వైపు వాళ్లు ఈ గ్రూపులో ఉంటే కాస్త చెప్పండి, ఆడియో కామెంట్లో పెడతాం. మూడో చరణంలో ఒక మాట మాకు అర్థం కాలేదు, ఆ పాట అసలు ఏ పండక్కి పాడతారో కూడా తెలియాలి.