నోటి మాట ఖరీదు

మా అమ్మ ఏ వస్తువూ ప్రకటన చూసి కొన్న గుర్తు లేదు నాకు. పక్కింటి పిన్నిగారు "మూడేళ్ళుగా వాడుతున్నానమ్మా, ఇంతవరకూ రిపేరు రాలేదు" అంటే చాలు, నెల తిరక్కుండా అదే గ్రైండర్ మా వంటింట్లో ఉండేది. పిన్నిగారికి అందులో పైసా లాభం లేదు. ఆ మాటకున్న విలువంతా అక్కడే ఉంది.

ఆ విలువని కంపెనీలు ఎప్పుడో పసిగట్టాయి. అమెరికాలో టప్పర్‌వేర్ డబ్బాలు దుకాణాల్లో సరిగ్గా కదలకపోతే, బ్రౌనీ వైజ్ అనే ఆవిడ ఇళ్ళల్లో పార్టీలు పెట్టించి ఆడవాళ్ళ చేతే ఆడవాళ్ళకి అమ్మించింది. 1951లో కంపెనీ దుకాణాలు మానేసి పూర్తిగా ఆ దారే పట్టింది. స్నేహితురాలి ఇంట్లో కాఫీ తాగి ఉత్త చేతులతో లేచి రావాలంటే ఎవరికైనా మొహమాటమే కదా!

ఇప్పుడా పార్టీ ఫోన్‌లోకి వచ్చేసింది. 2017లో గూగుల్ వాళ్ళు తేజ్ యాప్ తెచ్చారు, ఇప్పటి గూగుల్ పే అన్నమాట. అప్పట్లో మనం చెప్పి ఒకరి చేత పెట్టిస్తే మనకి 51 రూపాయలు, వాళ్ళకీ 51 ఇచ్చేవాళ్ళు. అచ్చం చదివింపుల్లాగే! బెంగళూరులో 2015లో మొదలైన మీషో అయితే ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపుల మీదే పెరిగింది. చీరల ఫొటోలు మనవాళ్ళకి పంపడం, అసలు ధరకి మన లాభం కలుపుకుని చెప్పడం. కొట్టు అద్దె లేదు, పెట్టుబడి లేదు. పెట్టుబడల్లా మన చుట్టరికమే.

దీన్ని తప్పు పట్టలేను. మా చిన్నాడపడుచు భర్త కొట్టు కరోనాలో మూతపడితే, పిల్లల ఫీజులు కట్టింది ఈ చీరల లాభంతోనే. కానీ ఒకరోజు మోకాలి ఆపరేషన్ అయిన మేనత్తని పలకరిద్దామని ఫోన్ చేస్తే, ఆవిడ హలో అనకుండానే "ఇప్పుడు చీరలేం వద్దమ్మా" అందిట. నాతో చెబుతూ ఏడ్చేసింది. ఆ నష్టం ఏ యాప్ లెక్కలోనూ కనబడదు.

మొన్న నేను తెప్పించిన మిక్సీ జార్ పార్సిల్లో ఒక చీటీ వచ్చింది. ఐదు చుక్కలు ఇచ్చి ఫొటో పెడితే వంద రూపాయలు వెనక్కిస్తారట. జార్ మూత ఇంకా తీయనేలేదు! మనం చదివి నమ్మే పొగడ్తల్లో ఇలాంటి వందలు ఎన్ని ఉన్నాయో!

డబ్బో, ఉచిత వస్తువో తీసుకుని పొగిడేవాళ్ళు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే, 2019 చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. రీల్స్ చేసేవాళ్ళకి ఈ చట్టం ఉంది సరే, మన ఫ్యామిలీ గ్రూపుకి ఏం చట్టం ఉంటుంది?

మా ఆడపడుచు తనకి తానే ఒకటి పెట్టుకుంది. చీరలకి వేరే గ్రూపు. ఇష్టమున్నవాళ్ళే అందులో చేరతారు. చీర చూపిస్తూనే "ఇందులో నాకు నూట యాభై మిగులుతుంది" అని చెప్పేస్తుంది. బేరాలు కొంచెం తగ్గాయట. మేనత్త మాత్రం ఇప్పుడు తనే ఫోన్ చేసి, అరగంటకి తక్కువ పెట్టదట.