గౌరి నమిలిన ఎముక

మా దువ్వాడలో తెల్లవారుజామున నడకకు బయలుదేరితే మొదట వినిపించేది రైలుకూత, ఆ తరువాత పాలక్యాను మూత చప్పుడు. ఉద్యోగ విరమణ చేసి నేనిక్కడ స్థిరపడిన నాటి నుంచి మా వీధికి ఒకావిడ పాలు పోస్తున్నది. నాలుగు ఆవులు, ఒక గేదె ఆమె ఆస్తి. పచ్చిక బయళ్ళన్నవి ఇప్పుడిక్కడ పేరుకు కూడా లేవు. ఇళ్ళు లేవని స్థలాలు, రైలుకట్ట వారలు, రోడ్డు పక్కన మొలచిన గడ్డి, ఇవే ఆ పశువులకు మేతబీళ్ళు.

కిందటి వేసవిలో ఒకనాటి ఉదయం ఆమె ఆవులలో ఒకటి ఖాళీ స్థలంలో తలవంచుకొని దేనినో నములుతున్నది. పటపటమని చప్పుడు. దగ్గరకు వెళ్ళి చూతును గదా, అది ఎముక! వెనుకనే వచ్చిన ఆవిడ గబగబా దానిని లాగి పారవేసి, నా వైపు దీనంగా చూచింది.

"మాస్టారూ, ఎవరికీ సెప్పకండి బాబూ. తెలిస్తే పాలు ఎవులూ కొనరు. దీనికి ఏదో గాలి సోకినట్టుంది. గోడ సున్నం నాకుతాది, సెప్పులు నమల్తాది..."

ఎవరికీ చెప్పనని మాట ఇచ్చి ఇంటికి వచ్చాను. కానీ ఆ నాడంతా నాకు అన్నం సహించలేదు. ఎందుకో చెప్పాలంటే యాభై అయిదేళ్ళు వెనక్కు వెళ్ళాలి.

అది 1970 వేసవి. నాకు పదకొండేళ్ళు. మా ఊరు నేడు ఉక్కు కర్మాగారపు ప్రహరీకి లోపలి వైపున ఉన్నది, అంటే, లేదు. మా ఇంట్లో గౌరి అనే ఆవు ఉండేది. కపిల వర్ణం, నుదుట తెల్లని చుక్క. ఆ యేడు మాఘమాసంలో ఈనింది. పూటకు రెండు శేర్ల పాలు. దేవుడి నైవేద్యానికి ఆ పాలే. అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. నాన్నగారూ నేనూ మా పెద్దమ్మగారింట భోజనం చేసి వచ్చేవాళ్ళం. పసులకాపరి గౌరిని పొద్దున కొండవారకు తోలుకొని పోయి మునిమాపున తెచ్చి కట్టేవాడు. రాత్రికి ఇంత ఎండుగడ్డి వేసేవాళ్ళం. అంతే.

ఒకనాడు ఊరి వెలుపల గౌరి ఎముక నమలడం నా కంటబడింది. పరుగెత్తుకొని వచ్చి నాన్నగారికి చెప్పాను. వింత చూచిన పిల్లవాడి ఉత్సాహమే తప్ప నా మనస్సులో మరేమీ లేదు. నాన్నగారు నియమనిష్ఠలు గల మనిషి. ముఖం నల్లబడింది. ఆ పూట నుంచి ఆ పాలు దేవుడికీ లేవు, మాకూ లేవు. వారం తిరగకుండానే గౌరిని, దూడతో సహా, సంతకు తోలించి వచ్చిన ధరకు అమ్మివేశారు.

అమ్మ పసిపాపతో తిరిగి వచ్చి ముందుగా పసులశాలలోకే వెళ్ళింది. ఖాళీ గాడిని చూచి కొంతసేపు నిలబడిపోయింది. నాన్నగారు జరిగినది చెప్పారు. అమ్మ ఏడవలేదు, వాదించలేదు. ఒక్క మాట అడిగింది: "కుడితి పెట్టారా?"

ఎవరూ జవాబు చెప్పలేదు. దుఃఖంలో ఏదో అడిగిందిలే అనుకొన్నాను. ఆ ప్రశ్నకు అర్థం తెలియడానికి నాకు ఇంతకాలం పట్టింది.

మరునాడు మా ప్రాంతపు పశువైద్యుని వద్దకు వెళ్ళి, ఆవు ఎవరిదో చెప్పకుండా, సంగతి వివరించాను. ఆయన నవ్వి, "మాస్టారూ, గాలీ లేదు, ధూళీ లేదు. దానికి భాస్వరం చాలడం లేదు. ఎక్కడ దొరుకుతుందో అక్కడ వెతుక్కుంటోంది" అన్నారు. కడుపులో పురుగులున్నా ఇటువంటి తిండి తింటాయనీ, ముందు వాటికి మందు వేయాలనీ కూడా చెప్పారు.

భాస్వరం! నలభై యేళ్ళు తెలుగు చెప్పిన వాడిని గదా, మాట వినగానే వ్యుత్పత్తి మీదికే పోయింది మనస్సు. భాస్వరమంటే ప్రకాశించునది. గ్రీకు భాషలో ఫాస్ఫరస్ అన్నా వెలుగును తెచ్చేదనే అర్థం. పండితులు చక్కని పేరే పెట్టారు. అయితే ఆ వెలుగు పశువు ఒంటిలో ఎక్కడున్నదో డాక్టరుగారు చెబితేనే తెలిసింది. శరీరంలోని భాస్వరంలో సుమారు 80 శాతం ఎముకల్లో, పళ్ళలో సున్నపు ధాతువుతో కలిసి ఉంటుంది. మిగిలినది రక్తంలో, కండల్లో తిరుగుతూ మేతను శక్తిగా మార్చే పనిలో పాలుపంచుకొంటుంది. మేతలో అది చాలకపోతే పశువు తన ఎముకలనే కరిగించుకొంటుంది. పాలిచ్చే ఆవుకు మరీ కష్టం, పాలతోపాటు ప్రతి పూటా కొంత భాస్వరం బయటికి పోతుంది గనుక. వెంట్రుక బిరుసెక్కుతుంది, నడక బిగుసుకొంటుంది, సకాలంలో ఎదకు రాదు. చివరకు ఎముక కనిపిస్తే నములుతుంది.

మరి గడ్డి మేస్తున్నది గదా అని అడిగాను. మన వంటి ఉష్ణదేశాలలో చిక్కు అక్కడే ఉన్నదట. మా ప్రాంతానివి ఎర్రనేలలు. ఆ మట్టిలోని ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని గట్టిగా పట్టుకొని మొక్కకు సులభంగా వదలవు. వానకాలపు లేతగడ్డిలో కాస్త ఉన్నా, గడ్డి ముదిరి గింజపట్టేసరికి ఉన్నది కాస్తా గింజలోకి పోతుంది. వేసవిలో పశువు మేసేది ఒట్టి పీచు. కడుపు నిండుతుంది, కొరత తీరదు.

పశువులు ఎముకలు నమలడాన్ని గురించి దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు 1920 ప్రాంతంలో గొప్ప పరిశోధన చేశాడు. అక్కడి మేతబీళ్ళలో పశువులు కాళ్ళు చచ్చుబడి చనిపోతుండేవి. భాస్వరం చాలక అవి కళేబరాల ఎముకలు నమిలేవనీ, ఆ కుళ్ళులో పుట్టిన విషం వాటిని చంపేదనీ ఆయన తేల్చాడు. శుభ్రం చేసిన ఎముకల పొడిని పెట్టగానే నమలడం తగ్గింది, చావులూ తగ్గాయి. నాన్నగారు అపచారమనుకొన్నదానిని, మా ఇంట్లో ఆ మాట పుట్టక యాభై యేళ్ళ ముందే, ప్రపంచంలో మరొక మూల ఆకలిగా గుర్తించారన్నమాట.

ఇంకొక సంగతి తెలిసి నా ఆశ్చర్యానికి మేర లేకపోయింది. రక్తంలో భాస్వరం ఎంతున్నదో కొలిచే పద్ధతి ఒకటి 1925లో అమెరికాలో వెలువడింది. మాలిబ్డేటు అనే రసాయనంతో కలిపి రంగు పుట్టిస్తే నీలం వస్తుంది. ఆ నీలపు చిక్కదనమే భాస్వరపు లెక్క. ఆ పద్ధతిలో ఫిస్కే అనే ఆచార్యుని పేరుతో పాటు నిలిచిన రెండవ పేరు సుబ్బారావు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే! జబ్బుపడిన ఆవు భాస్వరాన్ని ఆ నీలంతో లెక్కించిన ప్రయోగశాలలు ఎన్నో. మా పిల్లలకు ఆయన జీవితాన్ని ఎన్నోసార్లు చెప్పాను గాని, ఆ విద్య మా గౌరికి సంబంధించినదని ఊహించలేదు.

మా మేడ మీదికెక్కితే ఉక్కు కర్మాగారపు పొగగొట్టాలు కనబడతాయి. అక్కడ కథ తలకిందులు. భాస్వరం మిగిలిపోతే ఉక్కు చలికి పెళుసవుతుంది. అందువల్ల సున్నం వేసి దానిని చిట్టెంలోకి తోసివేస్తారు. ఆ కిటుకును 1870ల చివర ఇంగ్లండులో సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ కనిపెట్టాడు. భాస్వరం నిండిన ఆ చిట్టాన్ని పొడిచేసి ఐరోపా రైతులు పంటపొలాల్లో, పచ్చిక బయళ్ళలో ఎరువుగా చల్లుకొన్నారు. ఇక మన విశాఖలో భాస్వరపు ఎరువులు చేసే కోరమాండల్ కర్మాగారం 1967 నుంచీ ఉన్నది. భాస్వరపు రాయి సముద్రాలు దాటి మన రేవుకు వస్తుంది. అంత భాస్వరం మా పక్కనుంచే వెళుతుండగా మా వీధి ఆవు మాత్రం చెత్తకుప్పలో ఎముక వెతుక్కొంటున్నది.

అమ్మ ప్రశ్నకు వస్తాను. కుడితి అంటే ఏమిటి? బియ్యం కడుగునీళ్ళు, గంజి, కూరల తొక్కలు, రెండు దోసిళ్ళ తవుడు, గుప్పెడు రాళ్ళుప్పు. ఎండుగడ్డిలో భాస్వరం 0.1 శాతానికి అటూ ఇటూ ఉంటే, తవుడులో సుమారు 1.5 శాతం ఉంటుందట. అంటే పదిహేను రెట్లు. అది గింజలో బిగుసుకొన్న రూపంలో ఉంటుంది. మనకు సరిగా అరగదు గాని, నెమరువేసే జంతువుల కడుపులోని సూక్ష్మజీవులు దానిని విడదీసి ఇస్తాయి. గడ్డిలో ఉండని ఉప్పు రాళ్ళుప్పుతో సమకూరుతుంది. ఈ లెక్కలేవీ అమ్మకు తెలియవు. ఆవుకు పూటపూటా ఏది అందాలో తెలుసు. ఆమె లేని మూడు నెలలూ మా ఇంట పొయ్యి వెలగలేదు. కుడితితొట్టి ఎండిపోయింది. గౌరి దూడకు పాలిస్తూ, మాకు పాలిస్తూ, తనకు కావలసినది కొండవార వెతుక్కొన్నది. ఇదే కారణమని యాభై యేళ్ళ తరువాత రుజువు చేయలేను. కానీ అమ్మ అడిగినది సరైన ప్రశ్న అని మాత్రం చెప్పగలను. జవాబు: పెట్టలేదమ్మా.

నోరులేని జీవి అంటాం గాని, నేల సంగతి మనకంటె ముందు పశువే చెబుతుంది. ప్రకాశం, నెల్లూరు ప్రాంతాలలో నీటి ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు 1937లో గ్రంథస్థం చేశారు. అంతకు ముందే అక్కడి రైతులు కాడి లాగలేక నడుములు పడిపోయిన ఎద్దులను చూశారట. కొరత ఎంత ప్రమాదమో, అతి కూడా అంతే.

మా పాలావిడ ఆవుకు డాక్టరుగారు పురుగుల మందు వేసి, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలిపి పెట్టమన్నారు. మొదటి పొట్లం నేనే కొని ఇచ్చాను. "మీకెందుకు బాబూ ఈ కరుసు?" అన్నది. పాత బాకీ అన్నాను; ఆమెకు అర్థం కాలేదు. మా ఇంటి కడుగునీళ్ళు కూడా ఇప్పుడు ఆమె తొట్టిలోకే పోతున్నాయి. తవుడు మాత్రం కొనవలసిందే. సన్నబియ్యం సంచీలో వచ్చే ఈ రోజుల్లో తవుడు మిల్లు దగ్గరే ఆగిపోతుంది, అందులో చాలా భాగం నూనెకు. రెండు నెలలు గడిచేసరికి ఆ ఆవు గోడలు నాకడం మానింది. దీపావళి ముందు ఎదకు వచ్చిందని ఆవిడ సంతోషంగా చెప్పింది.

ఇప్పుడామె ఆ ఎముక సంగతిని తానే పదిమందికీ చెబుతున్నది గనుక నేనిక్కడ వ్రాయడంలో మాట తప్పినట్టు కాదు. గౌరి విషయంలో మాత్రం ఆ నాడు చెప్పకుండా ఉండవలసినది నేను, అడగవలసినది నేను.

చదివిన మిత్రులలో పల్లెటూళ్ళలో పెరిగినవారు ఉంటారు. మీ ఇళ్ళలో కుడితిలో ఏమేమి కలిపేవారో, పశువు మన్నూ ఎముకా తింటే మీ వైపు ఏమనేవారో వ్రాయగలరు. అమ్మలు చెప్పకుండా వదిలివెళ్ళిన విషయాలు మన వద్ద ఇంకా కొన్ని మిగిలి ఉండవచ్చు.