రోడ్డు ఎవరేశారు?

నర్సీపట్నంలో సోషల్ చెప్పే మా గిరిజన టీచర్లకు మన్యం తిరుగుబాటు పాఠం వచ్చేసరికి ఒక ఇబ్బంది ఉంటుంది. పాఠంలో అల్లూరి సీతారామరాజు ఉంటాడు, తేదీలు ఉంటాయి. మనవాళ్లు మాత్రం "గిరిజనులు" అనే ఒక్క మాటలో సర్దుకుంటారు. కొయ్యూరు, చింతపల్లి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలు అది ఎవరి కథో అన్నట్టు వింటారు.

అందుకే పుస్తకం తెరవకముందు మేము ఒకటే అడుగుతాం: ఇక్కణ్ణుంచి లంబసింగికి ఎక్కే రోడ్డు ఎవరేశారు? "గవర్నమెంటు" అంటారు. మరి రాళ్లు మోసిందెవరు? అప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు వస్తుంది. ఆ రోడ్డు పనికి మనవాళ్లను తోలి కూలి ఎగ్గొట్టినవాడు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టినా నేరమే. పోడూ లేక, కూలీ లేక మనిషి ఏం తినాలి? ఇక్కడ మేము చెప్పాల్సింది ఏమీ ఉండదు, పిల్లలే చెబుతారు.

తర్వాత నేలమీద సుద్దతో పటం గీస్తాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు, 26 తుపాకులు. "బస్సు లేకుండా ఎలా వెళ్లారు సార్?" అని టౌను పిల్లలు అడుగుతారు. కొండ పిల్లలు లేచి అడ్డదారులు గీస్తారు. ఏ గెడ్డ ఎక్కడ దాటాలో, వానల్లో ఏ బాట పోతుందో వాళ్లకి తెలుసు. ఏడాదంతా నోరు విప్పని ఒక పిల్ల సుద్ద అందుకుని పావుగంట వదల్లేదు.

ఇంటి దగ్గర విన్నవి కూడా రాసుకు రమ్మంటాం. రాజుకు గుండ్లు తగలవని తెస్తారు. కొట్టిపారెయ్యం. పేజీ మధ్యకి మడిచి విన్నది ఒక పక్క, కాగితాల్లో ఉన్నది ఇంకో పక్క రాయిస్తాం. కాగితాల పక్క గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర ఉంటారు. మల్లుదొర శిక్షపడి అండమాన్ వెళ్లాడు. 1952లో విశాఖపట్నం నుంచి పార్లమెంటుకి గెలిచాడు. ఈ మాట చెప్పినప్పుడు క్లాసులో వచ్చే నిశ్శబ్దం మాకు చాలా ఇష్టం.

పరీక్షలో ఇవేవీ అడగరు. అయినా ఈసారి ఒక పిల్లాడు జవాబు చివర రాశాడు: ఆ రోడ్డు వేసినవాళ్లలో మా ముత్తాత ఉన్నాడు. మార్కు వెయ్యాలా వద్దా అని స్టాఫ్‌రూములో తగువుపడ్డాం. అది పేజీకి ఏ పక్కన రావాలో ఇంకా తేలలేదు.