బస్తర్‌కి వీసా అక్కర్లేదు, పంచె మాత్రం కావాలి

బస్తర్ వెళ్దామనగానే "ఏం కాగితాలు కావాలి?" అని అడిగింది మా మేనత్త కొడుకు. పుట్టింది తెనాలి, ఉండేది డాలస్, జేబులో ఉండేది అమెరికా పాస్‌పోర్టు. ఓసీఐ కార్డుకి అప్లై చేయడానికి బద్ధకించి, వచ్చినప్పుడల్లా ఈ-వీసా మీదే దిగుతాడు. "అది అన్నల ఏరియా కదరా, నాలాంటివాణ్ణి రానిస్తారా?" అని ఒకటే దిగులు.

వాకబు చేశాను. విదేశీయులు ప్రత్యేక పర్మిట్ తీసుకుని వెళ్ళాల్సిన ప్రాంతాలకి 1958 నుంచీ ప్రభుత్వ జాబితా ఒకటి ఉంది. ఈశాన్య సరిహద్దులు, హిమాలయాల పక్కన కొన్ని జిల్లాలు, రాజస్థాన్‌లో కొంత భాగం, ఇలా సాగుతుంది ఆ జాబితా. అందులో ఛత్తీస్‌గఢ్ లేదు. ఇక మనలాంటివాళ్ళకైతే బెంగే లేదు. నాగాలాండ్‌కో మిజోరంకో వెళ్ళాలంటే భారతీయుడికైనా ఇన్నర్ లైన్ పర్మిట్ ఉండాలి. బస్తర్‌కి రైలు టికెట్ ఉంటే చాలు. తీరా వెళ్ళాక చూస్తే, గుమ్మం గుమ్మం దగ్గరా ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. అవేవీ మేం అనుకున్నవి కావు.

విశాఖలో పొద్దున్నే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాం. మనవాళ్ళలో చాలామందికి ఈ రైలంటే అరకు రైలే. బొర్రా గుహలు, సొరంగాలు, అరకులో బొంగు చికెన్, అక్కడితో సరి. అరకు రాగానే పెట్టె సగం ఖాళీ అయింది. కిటికీ దగ్గర సీటు అడక్కుండానే దొరికింది. మీరు వెళ్తే మాత్రం దిగకండి, అసలు రైలు అక్కణ్ణించే మొదలవుతుంది. స్టేషన్ బోర్డుల మీద తెలుగు పోయి ఒడియా గుండ్రటి అక్షరాలు వచ్చాయి. కొరాపుట్, జయపూర్, కోట్‌పాడ్ దాటాక అవీ పోయి హిందీ, ఇంగ్లీషు మిగిలాయి. మూడు రాష్ట్రాలు దాటినా మమ్మల్ని పలకరించింది టీసీ ఒక్కడే.

దారిలో చాలాచోట్ల మా రైలుని పక్కన నిలబెట్టి గూడ్సు బళ్ళని పంపించారు. కోపం తెచ్చుకోకండి, ఈ లైను వేసిందే వాటి కోసం. బైలాడిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కి పంపడానికి 1960లలో ఈ కొండలన్నీ తొలిచారు. "అంటే ఈ రాళ్ళకి మనకంటే ముందే విదేశీ ప్రయాణం రాసిపెట్టి ఉందన్నమాట" అన్నాడు బావ. అమెరికా కాన్సులేట్లో స్లాటు కోసం నెలల తరబడి పడిగాపులు పడినవాడు కాబట్టి ఆ మాట అనే హక్కు ఉంది.

జగదల్‌పూర్‌లో దిగేసరికి ఎండ తగ్గుముఖం పట్టింది. మొదట దొరికిన లాడ్జిలో నా ఆధార్ చూసి తాళంచెవి బల్ల మీద పెట్టారు. బావ పాస్‌పోర్టు తీశాడు. తాళంచెవి మళ్ళీ సొరుగులోకి వెళ్ళిపోయింది. ఆశ్చర్యపోకండి, దీని వెనక నియమం ఉంది. విదేశీ పాస్‌పోర్టువాళ్ళు ఎక్కడ దిగినా ఆ హోటలు 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో వివరాలు పంపాలి. సి-ఫారం అంటారు. హోటళ్ళే కాదు, హోమ్‌స్టేలూ పంపాల్సిందే. ఆ బాదరబందీ లేని చిన్న లాడ్జీలు 'వేరే చోట చూసుకోండి' అనేస్తాయి. ఈసారి అమెరికా నుంచి మీ మేనల్లుడో కోడలో వచ్చి "ఊళ్ళు తిరుగుదాం మామయ్యా" అంటే, గది బుక్ చేసే ముందు ఫోన్ చేసి ఈ ఒక్క ముక్క అడగండి. రెండో హోటలు వాళ్ళు సరేనన్నారు కానీ, వీసా ప్రింటు కావాలన్నారు.

దాంతో జిరాక్సు షాపు వెతుక్కుంటూ గోల్ బజార్ వైపు బయల్దేరాం. పేరుకి తగ్గట్టే ఎటు వెళ్ళినా మళ్ళీ అక్కడికే చేరుతున్నాం. ఇత్తడి సామాన్ల దుకాణం ముందు నుంచి అన్నిసార్లు వెళ్ళేసరికి ఆ దుకాణదారు మమ్మల్ని చూసి నవ్వడం మొదలెట్టాడు. చివరికి ఒక కిరాణా కొట్టులో నా హిందీ విని, "ఏ ఊరండీ మనది?" అని అచ్చ తెలుగులో అడిగాడో పెద్దాయన. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడట. జిరాక్సు షాపుకి కుర్రాణ్ణి తోడిచ్చి పంపడమే కాక, తిరిగి వచ్చేటప్పుడు భంగారాం చౌక్ దగ్గర కాఛిన్ గుడి చూడమన్నాడు.

గుడి చిన్నదే. కానీ దాని కథ విన్నాక బావ చేతిలోని వీసా ప్రింటు నాకు వెలవెలబోయినట్టు కనిపించింది. బస్తర్ దసరా 75 రోజుల పండగ. మన లెక్కలో ఆషాఢ అమావాస్యనాడు రథానికి కావలసిన దుంగకి పూజ చేసి మొదలెడతారు. రావణుడూ లేడు, దహనమూ లేదు, అంతా దంతేశ్వరి అమ్మవారిదే. అయితే ఎంత రాజైనా నవరాత్రులు తన ఇష్టానికి మొదలెట్టడానికి లేదు. మహాలయ అమావాస్య సాయంత్రం మిర్గాన్ కులానికి చెందిన ఒక చిన్నపిల్లని ముళ్ళ ఉయ్యాల మీద పడుకోబెడతారు. ఆ పిల్ల మీదికి కాఛిన్ దేవి వస్తుందని నమ్మకం. రాజకుటుంబం వాళ్ళు వచ్చి ఆ పిల్ల ముందు నిలబడి, పండగ చేసుకోవడానికి అనుమతి అడుగుతారు. ఆమె సరేనంటేనే దసరా. రాజ్యాలు పోయినా ఈ అడగడం మాత్రం పోలేదు. వీసా ఇచ్చే దేవుడని పేరుపడ్డ మన చిలుకూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణాలు చేసి మొక్కుకుంటాం, పనయ్యాక 108 చేస్తాం. అక్కడ దేవుడు మధ్యవర్తి, సంతకం పెట్టేది కాన్సులేటు. ఇక్కడ కాఛిన్ దేవే కాన్సులేటు.

మర్నాడు చిత్రకోట్. జగదల్‌పూర్ నుంచి 40 కిలోమీటర్ల లోపే. ఇంద్రావతి నది ఉన్నట్టుండి గుర్రపు నాడా ఆకారంలో తెగి, 29 మీటర్లు కిందికి దూకుతుంది. వానాకాలం అయితే ఎర్రటి నీళ్ళు అంచంతా నిండి ఒకే తెరలా పడతాయట. మేం వెళ్ళింది చలికాలం కాబట్టి పాయలు పాయలుగా తెల్లగా జారుతోంది. కింద పడవలో దగ్గరిదాకా తీసుకెళ్ళారు, కళ్ళజోళ్ళు తడిసి ఇద్దరికీ ఏమీ కనపడలేదు. భారతదేశపు నయాగరా అని దీనికి పేరు. అసలు నయాగరా చూసిన బావ దీన్ని మెచ్చుకోడానికి కాస్త బెట్టు చేశాడు. తర్వాత తనే ఒక సంగతి చెప్పాడు. నయాగరా సొగసు కెనడా వైపు నుంచి చూడాలట. ఆయన హెచ్-1బీ మీద ఉన్న రోజుల్లో చేతిలో కెనడా వీసా లేక, వంతెన అవతల నిలబడి ఫొటోలు తీసుకుంటున్న వాళ్ళని చూస్తూ అమెరికా ఒడ్డునే ఉండిపోయాడు. "ఇక్కడ రెండు ఒడ్లూ మనవే కదరా" అని, ఈ చివర నుంచి ఆ చివరకి పనిగట్టుకుని నడిచాడు.

తిరుగుదారిలో లోహండీగూడ సంత తగిలింది. మన మన్యం సంతలు చూసినవాళ్ళకి కొత్తగా అనిపించదు. ఉప్పు, ఎండు చేపలు, కోళ్ళు, పూసల దండలు. ఇప్పసారా ఆకు దొప్పల్లో బాహాటంగా అమ్ముతున్నారు, అమ్మేది ఆడవాళ్ళు. సల్ఫీ అంటే ఏమిటో అనుకున్నాం, చూస్తే మన జీలుగు కల్లే. ఇంకో చోట దొప్పలో ఎర్రగా, తడితడిగా ఏదో కుప్ప. వంగి చూస్తే అందులో కాళ్ళు కనిపించాయి. చీమలు. ఎర్రచీమల్నీ గుడ్లనీ మిరపకాయలు, ఉప్పు, వెల్లుల్లి వేసి నూరే చపడా పచ్చడి అది. నాలిక మీద పెట్టుకోగానే చింతచిగురు నమిలినంత పులుపు, ఆ వెంటనే కారం చెవుల్లోకి. బావ పాస్‌పోర్టు సంచి గట్టిగా పట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. నేను రెండో దొప్ప కొన్నాను.

కెమెరా తీసేసరికి అమ్మే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. మా కారు డ్రైవరు హల్బీ భాషలో ఏదో అన్నాక, ముందు కొనమంది, తర్వాత తీసుకోమంది. న్యాయమే. ఈ జనాన్ని వింతజంతువుల్లా ఫొటోలు తీసుకుపోయినవాళ్ళు తక్కువేం కాదు. కారులో డ్రైవరు పడమటివైపు కొండలు చూపించి అబూజ్‌మాడ్ గురించి చెప్పాడు. బయటివాళ్ళు అక్కడికి వెళ్ళకుండా 1980ల మొదట్లో ప్రభుత్వం ఆంక్ష పెట్టింది, 2009లో ఎత్తేసింది. అంటే పాతికేళ్ళకి పైగా, మన దేశంలోనే ఒక చోటికి మనం వెళ్ళాలంటే పర్మిషన్ కావలసి వచ్చింది. ఆంక్ష పోయినా మేం అటు వెళ్ళలేదు. రోడ్డు మీద కనపడే ప్రతి బలగాల క్యాంపూ అక్కడ ఇన్నేళ్ళుగా ఏం జరుగుతూ వచ్చిందో గుర్తుచేస్తూనే ఉంటుంది. లోపలి ఊళ్ళకి వెళ్ళాలనుకుంటే ముందు స్థానికుల్ని అడిగి, వాళ్ళు సరేనంటేనే వెళ్ళండి.

కుటుంసర్ గుహకి మాత్రం నిజమైన పర్మిట్టే కావాలి. కాంగేర్ లోయ జాతీయ పార్కు గేటు దగ్గర టికెట్టు, జిప్సీ బండి, గైడు, లైటు, ఇవన్నీ ఉంటేనే లోపలికి. విదేశీయుల టికెట్టు ధర వేరు. ఓసీఐ ఉంటే మనతో సమానంగా కట్టొచ్చు, బావ బద్ధకానికి అక్కడ రొక్కం చెల్లించాం. గుహ నోరు ఎంత ఇరుకంటే, పొట్ట ఉన్నవాళ్ళు పక్కకి తిరిగి దిగాలి. బొర్రా గుహల్లో రంగుల దీపాలు పెట్టి కాంక్రీటు మెట్లు కట్టారు కదా, ఇక్కడ గైడు చేతిలో లైటు ఆరిపోతే మన చెయ్యి మనకి కనపడదు. ఒక నీటి గుంట దగ్గర ఆగి వెలుతురు వేశాడు. వేలెడంత పాలిపోయిన చేపలు. చీకట్లో తరాలు గడిచి వాటి కళ్ళు క్షీణించాయి. కాసేపు అలాగే కూర్చుండిపోయాం. వానాకాలంలో గుహ నీటితో నిండుతుంది, అప్పుడు మూసేస్తారు. ఎవరు సిఫారసు చేసినా తీయరు. నవంబరు తర్వాతే ప్లాన్ చేసుకోండి.

దంతెవాడలో దంతేశ్వరి గుడి శంఖిని, డంకిని నదులు కలిసేచోట ఉంటుంది. బావ అలవాటుగా పాస్‌పోర్టు తీయబోయాడు. గుమ్మం దగ్గరున్నాయన దాన్ని చూడనుకూడా లేదు, ఆయన చూపంతా ప్యాంటు మీదే. మగవాళ్ళు ప్యాంటుతో గర్భగుడి వైపు వెళ్ళకూడదు, పంచె ఉండాల్సిందే. తెచ్చుకోనివాళ్ళకి అక్కడే ఇస్తారు. పెళ్ళినాడు తప్ప పంచె కట్టని బావ ఒక చేత్తో కుచ్చెళ్ళు, ఇంకో చేత్తో సంచి పట్టుకుని లోపలికి నడిచిన తీరు వీడియో తీయనివ్వకపోవడం నా దురదృష్టం. బయట గరుడ స్తంభం ఉంది. వీపు ఆనించి చేతులు వెనక్కి పెట్టి, వేళ్ళు కలిస్తే కోరిక తీరుతుందంటారు. నావి కలవలేదు. బావవి కలిశాయి, గ్రీన్ కార్డు వచ్చి పదేళ్ళయ్యాక ఇంకేం కోరుకున్నాడో చెప్పలేదు.

ఈ అమ్మవారు మన ఓరుగల్లు నుంచి వచ్చిందనే అక్కడ చెప్పుకుంటారు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల చేతికి చిక్కాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం కట్టాడని బస్తర్ రాజవంశం కథ. ముందు నువ్వు నడువు, వెనక నేనొస్తా, తిరిగి చూడకూడదు, నడిచినంత నేలా నీదే అని అమ్మవారు షరతు పెట్టిందట. ఏటి ఇసకలో అందెల చప్పుడు వినపడక అతను తిరిగి చూశాడు, రాజ్యం అక్కడితో ఆగింది. ఊరు తగలబడి పారిపోయి వచ్చినవాణ్ణి ఆ రోజుల్లో ఏ కాగితాలూ అడగలేదు.

వెనక్కి రైల్లో కాకుండా సుక్మా, కొంటా మీదుగా బస్సులో వచ్చాం. దర్భా దాటాక ఘాట్ రోడ్డు, అడవి, మధ్యమధ్య బారికేడ్లు. ఒకచోట జవాను బస్సెక్కి అందర్నీ పలకరించాడు. బావ నీలం పాస్‌పోర్టు అందించాడు. అటూ ఇటూ తిప్పి, "ఆధార్ నహీ హై?" అని అడిగి, జాలిగా చూసి దిగిపోయాడు. కొంటా దగ్గరపడేకొద్దీ బస్సులో తెలుగు పెరిగింది.

దోర్నపాల్‌లో ఎక్కిన ఒక కోయ కుర్రాడు మా పక్కన కూర్చున్నాడు. వాళ్ళది సుక్మా జిల్లాలో ఊరు. 2005లో మావోయిస్టులకి వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయి గోదావరి వైపు అడవుల్లోకి వచ్చేశాయి కదా, అలా వచ్చిన కుటుంబం. అప్పుడు వీడు తల్లి చంకలో ఉన్నాడట. మనవాళ్ళు గుత్తికోయలంటారు. పండుమ్ పండగకి పాత ఊరు వెళ్ళి వస్తున్నాడు. "ఆధార్ ఇటుదే సార్. కులం సర్టిఫికెట్ అడిగితే మీరు ఛత్తీస్‌గఢ్ వాళ్ళంటారు. అక్కడ అడిగితే, ఆంధ్రా పోయారుగా అంటారు" అన్నాడు మామూలుగా, వాతావరణం సంగతి చెప్పినట్టు.

తర్వాత బావ సంచిలోంచి తొంగి చూస్తున్న పాస్‌పోర్టు చూసి, అమెరికా పోవాలంటే ఏం కాగితాలు కావాలని అడిగాడు. బావ వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలెట్టాడు. పాస్‌పోర్టు, డీఎస్-160, 185 డాలర్ల ఫీజు, స్లాటు, వేలిముద్రలు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆస్తి పత్రాలు, వెనక్కి తిరిగి వస్తావనడానికి రుజువు. "తిరిగి వస్తానని రుజువా?" అని నవ్వాడు వాడు. బస్సు చింతూరు చేరి, వాడు మూట సర్దుకుని దిగే వేళకి బావ ఇంకా రెండో చేతి వేళ్ళ మీదే ఉన్నాడు.