బొరుగు తూకం

మా కుక్క ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టినప్పుడల్లా ఊరి నుంచి ఒకటే మాట. "అమెరికాలో ఉండి కూడా దానికి ఇంత ముద్ద పెట్టలేకపోతున్నారా?" మొదట్లో నవ్వి ఊరుకునేవాళ్ళం. తర్వాత తర్వాత గుచ్చుకోవడం మొదలైంది. ఎందుకంటే అప్పటికి ఇంట్లో మాకంటే దాని భోజనానికే ఎక్కువ టైం పట్టేది.

దాని పేరు బొరుగు. ఇర్వింగ్‌లో ఉన్న కొత్తలో షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. టెక్సాస్ షెల్టర్లలో చివావాలకు కొదవ ఉండదు. ఇది చివావా, ఇటాలియన్ గ్రేహౌండ్ కలిసిన రకం అన్నారు. పుల్లల్లాంటి కాళ్ళు, లోపలికి పోయిన పొట్ట, లెక్కపెట్టుకోవచ్చు అన్నట్టు చివరి రెండు మూడు పక్కటెముకలు. ఏడు పౌండ్లు, అంటే మూడు కిలోల పైన కొంచెం. ఎత్తుకుంటే బరువే తెలియలేదు, అందుకని ఆ పేరు. కోస్తా వాళ్ళకు మరమరాలు అంటే అర్థమవుతుంది.

మొదటిసారి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళినప్పుడే అడిగాం, బక్కగా ఉంది కదా, ఏం పెట్టాలి అని. ఆవిడ దాన్ని పట్టి చూసి, తొమ్మిదికి నాలుగు, బంగారంలా ఉంది అంది. మాకు నాలుగు మార్కులంటే ఫెయిల్ అన్నట్టు వినిపించింది. ఇది పరీక్ష కాదు, ఒకటి అంటే ఎముకల గూడు, తొమ్మిది అంటే ఊబకాయం, నాలుగూ ఐదూ సరైనవి అని చెప్పింది. తర్వాత మా చేతులతోనే చూపించింది. పిడికిలి బిగించి కణుపుల మీద వేలు పెడితే ఎలా తగులుతుందో, పక్కటెముకలు అలా తగిలితే కుక్క మరీ బక్క. అరచేయి వైపు తడిమినట్టుంటే లావు. చేయి చాపి వెనకవైపు తడిమినట్టుంటే సరి. బొరుగు ఆ మూడోదే. గ్రేహౌండ్ రక్తం ఉన్నదానికి నాలుగు ఎముకలు కనబడటం జబ్బు కాదు, పుట్టుక.

విన్నాం. బుర్రకెక్కలేదు.

2023 ఫిబ్రవరిలో మా ఇద్దరిలో ఒకరికి ప్రాజెక్ట్ పోయింది. హెచ్-1బి వాళ్ళకు చెప్పక్కర్లేదు, 60 రోజుల లెక్క ఆ రోజు నుంచి మొదలు. సరిగ్గా ఆ రోజుల్లోనే బొరుగు డ్రై ఫుడ్ వాసన చూసి వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. ఇంకో బ్రాండ్ తెచ్చాం. ఇంకోటి తెచ్చాం. గింజధాన్యాలు లేని ఖరీదైనది కూడా ఒక బస్తా కొన్నాం, అదీ ఉద్యోగం లేని ఇంట్లో! (అలాంటి ఫుడ్ తిన్న కొన్ని కుక్కల్లో గుండె జబ్బు కనిపిస్తోందని ఎఫ్‌డీఏ 2018లోనే విచారణ మొదలుపెట్టిందనీ, కారణం ఇదేనని తేల్చి చెప్పలేదనీ తర్వాత తెలిసింది. ఖరీదు చూసి మంచిదనుకోవడం మన జబ్బు.) అదీ తినలేదు. దాంతో ఉడకబెట్టిన చికెన్, కోడిగుడ్డు, నెయ్యన్నం. చివరికి నేల మీద కూర్చుని ముద్దలు చేసి నోటికందించడం. ఒకరు పట్టుకుంటే ఒకరు పెట్టేవాళ్ళం. మేమిద్దరం తిన్నామో లేదో గుర్తుండేది కాదు. ఉద్యోగం మా చేతుల్లో లేదు, దాని కడుపు ఒక్కటే మా చేతుల్లో ఉంది అన్నట్టు దాని మీద పడ్డాం.

యాభై రెండో రోజున ఆఫర్ వచ్చింది. బొరుగు మాత్రం మారలేదు.

మళ్ళీ డాక్టరమ్మ. ఈసారి నోరు తెరిచి చూసింది. వెనక పళ్ళు రెండు పుచ్చిపోయి ఉన్నాయి. చిన్న కుక్కలకు పళ్ళ జబ్బులు ఎక్కువట. గట్టి గింజ కొరికితే ప్రాణం పోయేంత నొప్పి, అందుకే మెత్తటిదైతే తింటోంది. మేమేమో దానికి పొగరనుకున్నాం. ఆ పళ్ళు తీయించాం. బిల్లు చూస్తే మా పళ్ళు కదిలాయి.

నెల తిరిగినా అది డ్రై ఫుడ్ ముట్టలేదు. నొప్పి పోయింది, అలవాటు మిగిలింది. గిన్నె వదిలేస్తే పది నిమిషాల్లో చికెన్ వస్తుందని దానికి మేమే నేర్పాం. దానికి డాక్టరమ్మ చెప్పిన మందు, గిన్నె పెట్టి పక్కకు వెళ్ళిపోవడం. ఇరవై నిమిషాల తర్వాత మాట్లాడకుండా తీసేయడం. మళ్ళీ పూటకు మళ్ళీ పెట్టడం. అయితే ఒక హెచ్చరిక కూడా గట్టిగా చెప్పింది. ఇది ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకే. ఇంత చిన్న జాతుల పిల్లలైతే ఒక పూట తప్పినా రక్తంలో చక్కెర పడిపోయి తూలి పడిపోతాయి, అప్పుడు చిగుళ్ళకు కాస్త తేనె రాసి పరుగెత్తుకు రావాలి. పెద్దదైనా ఒక రోజంతా ముట్టకపోతే, నీరసపడితే, పంతానికి పోకుండా ఫోన్ చేయాలి.

మొదటి రాత్రి అది తినలేదు. మేమూ తినలేదు. రెండో రోజు పొద్దున మేం బెడ్రూంలో దాక్కుంటే వంటింట్లోంచి కరకరమని చప్పుడు. ఇద్దరం తలుపు సందులోంచి చూశాం. ఉద్యోగం వచ్చిన రోజు కూడా అంత సంబరపడలేదు.

ఏడాది బాగానే గడిచింది. 2024 మేలో అనంతపురం నుంచి అమ్మ వచ్చింది. ఎవరి అమ్మ అని అడక్కండి, ఇంట్లో గొడవలొస్తాయి. ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంట్లోకి అడుగు పెట్టగానే, "ఏందిది, ఇట్లా ఎండిపోయి ఉండాది? మీరు తిని దీన్ని పస్తు పెడతాండారా?" అంది. మేం చేతి కణుపుల లెక్క చెప్పాం. అమ్మ ఓపిగ్గా వింది. మేం ఆఫీసుకు వెళ్ళగానే నెయ్యి డబ్బా తీసింది.

ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, షుగర్‌లెస్ చూయింగ్ గమ్ దాని నోటికి తగలకూడదని ముందే ఒట్టు వేయించుకున్నాం. అందుకని ఉగ్గాని పెట్టలేదు, పుణ్యం. నెయ్యి గురించి చెప్పాలని మాకే తోచలేదు. ఏడు పౌండ్ల కుక్కకు రోజు మొత్తానికి కావాల్సింది సుమారు 240 కేలరీలు. ఒక టేబుల్‌స్పూన్ నెయ్యిలోనే 120 ఉన్నాయి. అమ్మ స్పూన్లతో వేసే మనిషి కాదు.

ఆగస్టుకు బొరుగు పావు తక్కువ తొమ్మిది పౌండ్లు. ఎంతలే అనిపిస్తుంది. అరవై కిలోల మనిషి మూడు నెలల్లో పదిహేను కిలోలు పెరిగినట్టు లెక్క. ఊళ్ళో వాళ్ళు ఫోటో చూసి, ఇప్పుడు కళ వచ్చింది అన్నారు. ఒక సాయంత్రం వాకింగ్‌లో వెనక కాలు ఎత్తి మూడు కాళ్ళ మీద గెంతింది. మోకాలి చిప్ప పక్కకు జారుతోంది. చిన్న జాతుల్లో మామూలే, బరువు పెరిగితే ఇంకా పాడవుతుంది, ఇలాగే వదిలేస్తే సర్జరీ అంది డాక్టరమ్మ. లాబ్రడార్ల మీద 2002లో వచ్చిన ఒక స్టడీ గురించీ చెప్పింది. జంటలో ఒకదానికి పావు వంతు తక్కువ పెడుతూ వస్తే, బక్కగా పెరిగినవే దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయట.

ఇక అమ్మకు చెప్పాలి. పెట్టే చేతిని వద్దనడం ఎలా? రెండు రోజులు ఇద్దరం ఒకరి మీద ఒకరు తోసుకున్నాం. చివరికి చెబితే అమ్మ ఏమీ అనలేదు. అన్నం తినడం ఆపి చేయి కడుక్కుంది. రాత్రి మాత్రం అంది. "కరువు ఏడు మా వాకిట్లో ఒక కుక్క ఉండె. మాకు మిగిలితే కదా దానికేసేది. పొద్దున లేచి చూస్తే లేదు. ఎముకలు చూస్తే నాకు అదే కంటికి కనపడతాది."

మేం చెప్పాలనుకున్నవన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

మర్నాడు వంటింట్లో ఉన్న చిన్న డిజిటల్ కాటా అమ్మ ముందు పెట్టాం. బొరుగు తిండి బాధ్యత నీదే, గ్రాములు మాత్రం డాక్టరమ్మవి అన్నాం. రోజుకు మూడు పూటలు, తూచి. చిరుతిండి మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదు, అంటే రెండు మూడు చిన్న చికెన్ తునకలు. అమ్మ పాత క్యాలెండర్ వెనక లెక్క రాయడం మొదలుపెట్టింది. రెండు వారాలకు మాకంటే గట్టిదైపోయింది. టీలో బిస్కెట్ ముంచి దానికి అందించబోతే మా చేతి మీద కొట్టింది. నవంబర్‌లో విమానం ఎక్కేనాటికి బొరుగు ఏడుంపావు. గెంతడం ఇప్పటికీ ఎప్పుడైనా ఉంది, సర్జరీ దాకా పోలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం వీడియో కాల్. ఫోన్ ఎత్తగానే, "దాన్ని కాటా ఎక్కించినారా, ఎంత తూగింది?" అని అడుగుతుంది. అంకె విని, క్యాలెండర్ మీద రాసుకున్నాక అప్పుడు మా వైపు చూస్తుంది.

"మీరేందిరా, ఇద్దరూ చిక్కిపోయినారు?"